కిల్‌స్విచ్ ఎంగేజ్‌కి అసలు సింగర్ ఎవరు? గొంతు మారినా ఆ బ్యాండ్ ఎలా నిలబడింది?

మీ ప్రశ్నను ఒకసారి నా మాటల్లో చెప్పుకుంటాను. మీరు 'మై కర్స్' పాట విని అమెరికన్ మెటల్ బ్యాండ్ కిల్‌స్విచ్ ఎంగేజ్‌కి అభిమాని అయ్యారు. కొత్త ఆల్బమ్ పెడితే గొంతు వేరేగా ఉంది. సరే, పాతవి విందామని 2002 ఆల్బమ్‌కి వెళ్తే అక్కడ మళ్లీ ఆ 'కొత్త' గొంతే వినిపించి తికమకపడ్డారు. అసలు సింగర్ ఎవరు, వీళ్లు ఎక్కడి నుంచి వచ్చారు, గిటార్ నేర్చుకుంటున్న మీరు ఏ ఆల్బమ్‌తో మొదలుపెట్టాలి అని అడిగారు. ఈ బ్యాండ్ శైలి అయిన మెటల్‌కోర్‌లో చాలా ఆల్బమ్‌లు ఒకేలా వినిపిస్తాయని కూడా చివర్లో అన్నారు.

ముందు సూటిగా జవాబు. ఇద్దరూ అసలు సింగర్లే. 1999లో బ్యాండ్ పుట్టినప్పటి నుంచి 2002 దాకా జెస్సీ లీచ్. 2002 నుంచి 2012 మొదటి దాకా హోవర్డ్ జోన్స్. 2012 నుంచి ఈ రోజు వరకు మళ్లీ జెస్సీ లీచే. మీకు నచ్చిన 'మై కర్స్' హోవర్డ్‌ది. వినడం 'అలైవ్ ఆర్ జస్ట్ బ్రీతింగ్'తో మొదలుపెట్టి, వెంటనే 'ది ఎండ్ ఆఫ్ హార్ట్‌ఏక్' వినండి. గొంతు మారినా బ్యాండ్ ఎందుకు చెక్కుచెదరలేదో ఈ రెండూ పక్కపక్కన వింటే తెలిసిపోతుంది. ఈ బ్యాండ్‌కి వెన్నెముక మైక్ ముందు నిలబడే మనిషి కాదు. పక్కన గిటార్ పట్టుకుని కోతి చేష్టలు చేస్తూ కనిపించే ఆడమ్ డట్‌కీవిచ్, అభిమానుల భాషలో ఆడమ్ డి. 

నేను హైదరాబాద్‌లో చిన్న రికార్డింగ్ గది నడుపుతాను, గిటార్ చెబుతాను. మెటల్ వాయించే కాలేజీ కుర్రాళ్లు మా దగ్గరికి వచ్చినప్పుడు పదిమందిలో ఆరేడుగురు తెచ్చే రిఫరెన్స్ పాట ఈ బ్యాండ్‌దో, దీని దారిలో వచ్చిన ఇంకో బ్యాండ్‌దో అయి ఉంటుంది. కాబట్టి వీళ్ల పాటల్ని అభిమానిగా కంటే మెకానిక్‌గా విప్పి చూసిందే ఎక్కువ. ఆ కోణంలోనే చెబుతాను.

వీళ్లది మసాచుసెట్స్ రాష్ట్రంలోని వెస్ట్‌ఫీల్డ్. స్ప్రింగ్‌ఫీల్డ్ పక్కనుండే చిన్న ఊరు. ఒకప్పుడు గుర్రబ్బండ్లకు వాడే కొరడాలు తయారుచేయడంలో పేరుమోసింది కాబట్టి ఇప్పటికీ దాన్ని విప్ సిటీ అంటారు. 1990లలో ఆ రాష్ట్రంలో హార్డ్‌కోర్ పంక్ కుర్రాళ్లు, మెటల్ కుర్రాళ్లు ఒకే హాళ్లలో వాయిస్తూ, ఒకరి పాటలు ఒకరు వింటూ పెరిగారు. హార్డ్‌కోర్‌లోని వేగం, కోపం, పాట నిదానించి బరువెక్కగానే గుంపంతా ఒక్కసారిగా కదిలే బ్రేక్‌డౌన్ ఒకవైపు. స్వీడన్ నుంచి అట్ ద గేట్స్, ఇన్ ఫ్లేమ్స్ లాంటి బ్యాండ్లు తెచ్చిన రాగయుక్తమైన డెత్ మెటల్ గిటార్ ముక్కలు, అంటే పాటలో మళ్లీ మళ్లీ వచ్చే రిఫ్‌లు ఇంకోవైపు. ఈ రెండూ కలిసిన చోట పుట్టినదాన్నే మనం మెటల్‌కోర్ అంటున్నాం.

ఆ గుంపులో రెండు బ్యాండ్లు ముఖ్యం. ఒకటి ఓవర్‌కాస్ట్. దాని బేస్ ప్లేయర్ మైక్ డి'ఆంటోనియో. రెండోది ఆఫ్టర్‌షాక్. అందులో గిటార్లు ఆడమ్ డి, జోయెల్ స్ట్రోట్‌జెల్. గొంతు ఆడమ్ వాళ్ల సోదరుడు టోబియస్. 1998లో ఓవర్‌కాస్ట్ విడిపోయింది, కొద్ది కాలానికి ఆఫ్టర్‌షాక్ కూడా ఆగిపోయింది. ఓవర్‌కాస్ట్ సింగర్ బ్రయన్ ఫెయిర్ ఇంకో బ్యాండ్ షాడోస్ ఫాల్‌కి వెళ్లాడు. మిగిలినవాళ్లలో మైక్, ఆడమ్, జోయెల్ ఒకచోట చేరారు. రోడ్ ఐలాండ్‌లో పుట్టిన జెస్సీ లీచ్‌ని గొంతుకు తెచ్చుకున్నారు. 1999లో అదే కిల్‌స్విచ్ ఎంగేజ్ అయింది. పేరు 'ది ఎక్స్ ఫైల్స్' టీవీ సీరియల్‌లోని 'కిల్ స్విచ్' ఎపిసోడ్ నుంచి తీసుకున్నారు.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. మొదట్లో ఆడమ్ డి ఈ బ్యాండ్‌లో డ్రమ్మర్. ఆఫ్టర్‌షాక్‌లో గిటారిస్ట్, ఇక్కడ డ్రమ్స్. పైగా బోస్టన్‌లోని బర్క్‌లీ సంగీత కళాశాలలో ప్రొడక్షన్, సౌండ్ ఇంజినీరింగ్ చదివినవాడు. అంటే రిఫ్ రాయగలడు, డ్రమ్స్ వాయించగలడు, కోరస్‌లో పాడగలడు, చివరికి మొత్తం తానే రికార్డు చేయగలడు. ఇరవై ఏళ్ల కుర్రాళ్ల బ్యాండ్‌లో ఇలాంటి మనిషి ఒకడున్నాడంటే స్టూడియో అద్దె, ప్రొడ్యూసర్ (రికార్డింగ్‌ని దగ్గరుండి నడిపించి సౌండ్ తీర్చిదిద్దేవాడు) ఫీజు, 'మాకు కావలసిన సౌండ్ ఇది కాదు' అనే గొడవ మూడూ తప్పిపోయినట్టే. మా గదికి వచ్చే బ్యాండ్లలో సగం విడిపోయేది ఆ మూడో గొడవ దగ్గరే.

వాళ్ల మొదటి షోనే 1999 నవంబర్‌లో ఇన్ ఫ్లేమ్స్‌కి ముందు వాయించడం. 2000లో ఫెరెట్ అనే చిన్న లేబుల్ (రికార్డు కంపెనీ) మీద బ్యాండ్ పేరుతోనే మొదటి ఆల్బమ్ వచ్చింది. పెద్దగా అమ్ముడుపోలేదు గానీ విన్నవాళ్లు మాత్రం వదల్లేదు. అలా రోడ్‌రన్నర్ రికార్డ్స్ కన్ను పడింది.

2002 మేలో వచ్చిన 'అలైవ్ ఆర్ జస్ట్ బ్రీతింగ్' దగ్గర కాసేపు ఆగాలి. రికార్డింగ్ జరిగింది సొంత ఊరు వెస్ట్‌ఫీల్డ్‌లోని జింగ్ స్టూడియోలో. ప్రొడ్యూసర్ ఆడమ్. డ్రమ్స్ కూడా ఆడమ్. మిక్సింగ్ (విడివిడిగా రికార్డు చేసినవాటిని కలిపి సమం చేయడం) మాత్రం ఇంగ్లండ్‌కి చెందిన ఆండీ స్నీప్ చేశాడు. ఇప్పుడు మెటల్ బ్యాండ్ జూడాస్ ప్రీస్ట్‌తో టూర్లలో గిటార్ వాయిస్తున్న స్నీప్ ఇతనే. ఆ మిక్స్‌లో గిటార్లు గోడలా నిలబడతాయి, అయినా కిక్ డ్రమ్‌లో ప్రతి దెబ్బా విడిగా వినిపిస్తుంది. అప్పటిదాకా హార్డ్‌కోర్ వైపు నుంచి వచ్చిన ఆల్బమ్‌లు చాలావరకు బురదగా ఉండేవి. అలా ఉండటమే నిజాయితీ అనుకునేవాళ్లు కూడా ఉన్నారు. ఈ ఆల్బమ్ ఆ వాదనకు తెరదించింది.

మీరు గిటార్ నేర్చుకుంటున్నారు కాబట్టి ఒక పని చేయండి. 'టెంపుల్ ఫ్రమ్ ద వితిన్', 'వీడే ఇన్‌ఫ్రా' అనే రెండు పాటలు 2000 ఆల్బమ్‌లోనూ ఉన్నాయి, 2002 ఆల్బమ్‌లో మళ్లీ రికార్డు చేసి పెట్టారు. హెడ్‌ఫోన్స్‌లో రెండు రూపాలూ వెంటవెంటనే వినండి. రిఫ్ అదే, నిర్మాణం దాదాపు అదే. రెండోసారి మాత్రం ప్రతి నోటు ఎక్కడ ఆగాలో అక్కడ కత్తితో కోసినట్టు ఆగుతుంది. పామ్ మ్యూట్ చేసిన (అరచేతి అంచు ఆనించి మోత అణచిన) స్ట్రింగ్ ఎంతసేపు మోగాలి, తర్వాత వచ్చే మౌనం ఎంతసేపు ఉండాలి అన్నదాంట్లోనే ఈ శైలి బరువంతా ఉంది. నా దగ్గర నేర్చుకునేవాళ్లకు స్పీడు గురించి చెప్పేముందు ఈ రెండు పాటలే వినిపిస్తాను.

ఇదే ఆల్బమ్‌లోని 'మై లాస్ట్ సెరెనేడ్' దాదాపు ఒక నమూనా అయిపోయింది. చరణంలో అరుపు, కోరస్‌లో పాట. ఆ తర్వాత పదేళ్లు ఈ శైలిలో వచ్చిన బ్యాండ్లలో ఎక్కువ భాగం ఈ అచ్చులోనే పోత పోశాయి. వీళ్లే మెటల్‌కోర్‌ని కనిపెట్టారని మాత్రం ఎవరైనా అంటే నమ్మకండి. ఎర్త్ క్రైసిస్, ఇంటెగ్రిటీ, వీళ్ల సొంత రాష్ట్రపు కన్వర్జ్, అంతెందుకు, మైక్ పాత బ్యాండ్ ఓవర్‌కాస్ట్ కూడా అంతకుముందే ఆ దారిలో ఉన్నాయి. గుర్తుండిపోయే కోరస్‌ని జోడించి, శుభ్రంగా రికార్డు చేసి, దాన్ని చిన్న హాళ్ల నుంచి బయటికి తెచ్చిన ఘనత మాత్రం వీళ్లకు ఇవ్వాల్సిందే.

ఆల్బమ్ వచ్చాక లైవ్‌లో రెండో గిటార్ కావాల్సి వచ్చింది. ఆడమ్ డ్రమ్స్ వదిలి గిటార్‌కి వచ్చాడు. ఆఫ్టర్‌షాక్ పాత డ్రమ్మర్ టామ్ గోమ్స్ వచ్చి కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడే జెస్సీ వెళ్లిపోయాడు. అప్పుడే పెళ్లయింది, టూర్ల మీద టూర్లు, గొంతు పాడైంది, మనసూ కుంగిపోయింది. బ్యాండ్‌కి ఈమెయిల్ రాసి తప్పుకున్నాడు. మూడేళ్లు ఒకే వ్యాన్‌లో తిరిగినవాడు ఫోనైనా చేయలేదే అని మిగిలినవాళ్లకు అప్పట్లో బాధ ఉండేది. డిప్రెషన్ గురించి జెస్సీ తర్వాతి కాలంలో చాలా బహిరంగంగా మాట్లాడాడు, ఇప్పటికీ మాట్లాడుతున్నాడు. ఆ మాటలు విన్నాక ఆ ఈమెయిల్‌ని తప్పుపట్టబుద్ధి కాదు.

గొంతు సంగతి వచ్చింది కాబట్టి ఒక చిన్న పక్కదారి. స్క్రీమ్ నేర్చుకుందామని వచ్చే కుర్రాళ్లు తొంభై శాతం గొంతు నొక్కిపెట్టి అరుస్తారు. రెండో రోజుకి మాట రాదు. మైక్రోఫోన్ ఉన్నది పెద్దగా వినిపించడానికే. సరైన స్క్రీమ్ గదిలో పక్కనుంచి వింటే ఆశ్చర్యపోయేంత చిన్నగా ఉంటుంది. ఊపిరి పొట్టలోంచి రావాలి, అసలు స్వరతంత్రుల మీద కాకుండా వాటి పైనుండే మడతల మీద ఒత్తిడి పడాలి. నొప్పి పుట్టిందంటే ఆపేయాలి. ఒకే మనిషి అరుస్తూ, మరుక్షణం శ్రుతిలో పాడుతూ, అది కూడా వారానికి ఐదారు రాత్రులు చేయాలంటే ఎంత కష్టమో ఆలోచించండి. జెస్సీకి 2018లో స్వరపేటికకి ఆపరేషన్ చేయించుకోవాల్సి వచ్చింది. తర్వాత నెలల తరబడి థెరపీ తీసుకుని పాడటం, అరవడం మళ్లీ దిద్దుకున్నాడు.

సరే, 2002కి వద్దాం. జెస్సీ స్థానానికి ఆడిషన్ ఇచ్చినవాళ్లలో ఆల్ దట్ రిమైన్స్ సింగర్ ఫిల్ లబాంటే కూడా ఉన్నాడు. చివరికి బ్లడ్ హ్యాజ్ బీన్ షెడ్ అనే బ్యాండ్ నుంచి హోవర్డ్ జోన్స్ వచ్చాడు. ఏడాది తిరిగేసరికి టామ్ గోమ్స్ తప్పుకుంటే అదే బ్యాండ్ డ్రమ్మర్ జస్టిన్ ఫోలీ కూడా వచ్చేశాడు. ఆ 2003 నుంచి నేటివరకు ఆడమ్, జోయెల్, మైక్, జస్టిన్, ఈ నలుగురూ మారలేదు. మీ ప్రశ్నకు అసలు జవాబు ఈ వాక్యంలోనే ఉంది. బయటివాళ్లకు కనిపించేది గొంతు మార్పు. లోపల మాత్రం ఇరవై ఏళ్లకు పైగా అదే నలుగురి చేతులు.

జెస్సీది హార్డ్‌కోర్ గొంతు: కాస్త గరుకు, ఉద్వేగం ముందు, శ్రుతి తర్వాత. మాటలు కూడా 'లేచి నిలబడు, ఆశ వదలకు' అనే ధోరణిలో ఉంటాయి. హోవర్డ్‌ది నిండైన బ్యారిటోన్ (లోతైన మగ గొంతు). కోరస్‌లో స్వరాన్ని సాగదీసి, చివర కాస్త వణికించి వదులుతాడు. అతని పాటల్లో ఎక్కువగా విరహం, తెగిన బంధాలు. ఇద్దరిలో ఎవరు గొప్ప అని అభిమానులు ఇరవై ఏళ్లుగా కొట్టుకుంటున్నారు. నన్నడిగితే స్టూడియోలో హోవర్డ్, స్టేజీ మీద జెస్సీ.

2004 మేలో 'ది ఎండ్ ఆఫ్ హార్ట్‌ఏక్' వచ్చింది. అమెరికా ఆల్బమ్ చార్టు బిల్‌బోర్డ్ 200లో 21వ స్థానం దాకా వెళ్లింది. టైటిల్ పాటని 'రెసిడెంట్ ఈవిల్: అపోకలిప్స్' సినిమా ఆల్బమ్‌కి తీసుకున్నారు, అదే పాట 2005 గ్రామీల్లో ఉత్తమ మెటల్ ప్రదర్శనకు పోటీపడింది. గెలిచింది మోటర్‌హెడ్, అదీ మెటాలికా పాటని కవర్ చేసి! ఆల్బమ్ మాత్రం అమెరికాలో 5 లక్షల కాపీలు దాటి గోల్డ్ అందుకుంది. అరుపులున్న ఆల్బమ్‌కి ఆ లెక్క చిన్నదేమీ కాదు.

మన దగ్గర చాలామంది ఈ బ్యాండ్‌ని పేరు తెలియకుండానే విన్నారు. టెన్ స్పోర్ట్స్‌లో రెజ్లింగ్ చూస్తూ పెరిగినవాళ్లయితే సీఎం పంక్ రింగ్‌లోకి వచ్చేటప్పుడు మోగిన పాట గుర్తుందా? 2006 నుంచి 2011 దాకా అతనికి మోగింది వీళ్ల 'దిస్ ఫైర్ బర్న్స్'. నా దగ్గరికి వచ్చే ముప్పై దాటినవాళ్లలో కొందరికి ఆ రిఫ్ రెండు బార్లు వాయిస్తే చాలు, బ్యాండ్ పేరు చెప్పలేకపోయినా 'అన్నా, ఇది పంక్‌ది కదా' అంటారు.

2006 నవంబర్‌లో 'యాజ్ డేలైట్ డైస్'. మీ 'మై కర్స్', దానితోపాటు 'ది ఆర్మ్స్ ఆఫ్ సారో' ఇందులోవే. ఇది కూడా గోల్డ్. కొత్తవాళ్లకు అన్నిటికంటే తేలిగ్గా ఎక్కే ఆల్బమ్ ఇదే. డియో బ్యాండ్ 1983 పాట 'హోలీ డైవర్'కి వీళ్లు చేసిన కవర్ కూడా ఆ రోజుల్లోదే. రాజులు, కత్తులు, మంత్రగాళ్ల వేషాలు వేసి తమని తామే వెక్కిరించుకుంటూ వీడియో తీశారు. ఇంత గంభీరమైన పాటలు పాడేవాళ్లు స్టేజీ మీద మాత్రం ఇలాగే ఉంటారు. ఆడమ్ పొట్టి నిక్కరు, భుజాల మీద కేప్ వేసుకుని పాటకీ పాటకీ మధ్య బూతు జోకులు వేస్తుంటాడు.

2009 ఆల్బమ్ గురించి క్లుప్తంగానే చెబుతాను. మళ్లీ బ్యాండ్ పేరే పెట్టారు, కాబట్టి స్ట్రీమింగ్‌లో వెతికేటప్పుడు 2000 నాటిదీ 2009 నాటిదీ ఒకే పేరుతో ఉంటాయి, సంవత్సరం చూసుకోండి. ఈసారి ఆడమ్‌తోపాటు పెర్ల్ జామ్, రేజ్ అగెన్‌స్ట్ ద మెషీన్‌లతో పనిచేసిన బ్రెండన్ ఓబ్రయన్ ప్రొడ్యూసర్. చార్టులో 7వ స్థానం. నునుపు ఎక్కువైంది, పదును తగ్గింది. చెడ్డది కాదు గానీ నేను దాన్ని పనిగట్టుకుని పెట్టుకుని వినను.

అసలు కష్టకాలం 2010. టూర్ మధ్యలో హోవర్డ్ అందుబాటులో లేకుండా పోయాడు. ఆ షోలు ఆగకుండా మొదట ఫిల్ లబాంటే, తర్వాత జెస్సీ వచ్చి పాడారు. ఎనిమిదేళ్ల కిందట ఈమెయిల్ రాసి వెళ్లిపోయిన అదే జెస్సీ! ఎలా కుదిరిందంటే, దాని వెనకాల ఇంకో కథ ఉంది. 2007లో టూర్‌లో ఉండగా ఆడమ్‌కి నడుము సమస్య ముదిరి ఇంగ్లండ్‌లో అత్యవసరంగా ఆపరేషన్ చేశారు. మంచం మీద కదల్లేకుండా పడుకుని పాటలు అల్లాడు. అవి కిల్‌స్విచ్‌కి సరిపోయేవి కావు. కోలుకున్నాక జెస్సీకి వినిపించాడు. ఆ ఇద్దరి జోడీయే టైమ్స్ ఆఫ్ గ్రేస్. వాళ్ల మొదటి ఆల్బమ్ 'ది హిమ్ ఆఫ్ ఎ బ్రోకెన్ మ్యాన్' 2011లో వచ్చింది. మీకు కిల్‌స్విచ్ నచ్చితే ఇది తప్పకుండా వినండి; నిదానమైన పాటల్లో ఆడమ్, జెస్సీ గొంతులు ఎలా కలుస్తాయో ఇందులోనే బాగా తెలుస్తుంది.

2012 జనవరిలో హోవర్డ్ తప్పుకున్నట్టు బ్యాండ్ ప్రకటించింది. టైప్ 2 షుగర్ తనని ఎంత దెబ్బతీసిందో తర్వాత అతనే చెప్పాడు. కోలుకుని డెవిల్ యూ నో అనే బ్యాండ్ పెట్టాడు. దాని పేరే తర్వాత లైట్ ద టార్చ్‌గా మారింది. ఇటు జెస్సీ శాశ్వతంగా తిరిగొచ్చాడు. అదే ఏడాది 'అలైవ్ ఆర్ జస్ట్ బ్రీతింగ్'కి పదేళ్లు నిండాయని ఆ ఆల్బమ్ మొత్తం వాయిస్తూ టూర్ చేశారు. కొత్త పాటల్లోకి దూకేముందు పాత పాటలతోనే పాత సింగర్‌ని మళ్లీ జనానికి చూపించారు. తెలివైన పని.

2013లో 'డిసార్మ్ ద డిసెంట్'. మళ్లీ 7వ స్థానం. 'ఇన్ డ్యూ టైమ్'కి గ్రామీ నామినేషన్ వచ్చింది, బ్లాక్ సబ్బాత్ ఎగరేసుకుపోయింది. 2016లో 'ఇన్‌కార్నేట్' 6వ స్థానం. 2019 ఆగస్టులో 'అటోన్‌మెంట్', ఇక్కడి నుంచి అమెరికాలో వీళ్ల లేబుల్ మెటల్ బ్లేడ్. అందులోని 'అన్‌లీష్డ్'కి మూడో నామినేషన్. ఈసారి టూల్ గెలిచింది. మూడుసార్లూ పెద్దవాళ్లే అడ్డుపడ్డారు!

'అటోన్‌మెంట్'లోనే 'ది సిగ్నల్ ఫైర్' ఉంది. అందులో జెస్సీ, హోవర్డ్ ఇద్దరూ కలిసి పాడారు. ఎవరు అసలు సింగర్ అనే మీ సందేహానికి బ్యాండ్ ఇచ్చిన జవాబు అదే అనుకోండి. మిక్స్ చేసే చెవితో వింటే ఇంకా బాగుంటుంది. అదే గిటార్ టోన్ మీద ఒక లైన్ జెస్సీది, ఇంకో లైన్ హోవర్డ్‌ది. ఎవరు పాడుతున్నా వెనకాల సంగీతం ఒక్క అంగుళం జరగదు.

ఇప్పుడు ఆడమ్ రెండో ఉద్యోగం సంగతి. చాలా మెటల్‌కోర్ ఆల్బమ్‌లు ఒకేలా వినిపిస్తాయని మీరు మీ ప్రశ్న చివర్లో అన్నారు. మీ చెవి తప్పు కాదు. అన్‌అర్త్ 'ది ఆన్‌కమింగ్ స్టార్మ్', ఆల్ దట్ రిమైన్స్ 'ది ఫాల్ ఆఫ్ ఐడియల్స్', ఆస్ట్రేలియాకి చెందిన పార్క్‌వే డ్రైవ్ మొదటి రెండు ఆల్బమ్‌లు, యాజ్ ఐ లే డైయింగ్ 'యాన్ ఓషన్ బిట్వీన్ అజ్', అన్నీ 2004 నుంచి 2007 మధ్యవి, అన్నిటికీ ప్రొడ్యూసర్ ఆడమ్ డి. పోటీ బ్యాండ్లకు తన చేత్తోనే సౌండ్ తీర్చిదిద్దాడు. అటు బేసిస్ట్ మైక్ గ్రాఫిక్ డిజైనర్. కిల్‌స్విచ్ ఆల్బమ్ కవర్లు, టీషర్టులే కాదు, ఆ చుట్టుపక్కల ఎన్నో బ్యాండ్ల బొమ్మలు కూడా అతను గీసినవే. పాట, రికార్డింగ్, బొమ్మ మూడూ ఇంట్లోనే తయారయ్యే బ్యాండ్‌కి సింగర్ వెళ్లిపోవడం పెద్ద దెబ్బే గానీ ప్రాణాంతకం కాదు.

ఇంకో సందేహం తరచూ వస్తుంది కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. సాహిత్యంలో ఆశ, విముక్తి లాంటి మాటలు చూసి వీళ్లది క్రైస్తవ బ్యాండ్ అనుకుంటారు. జెస్సీ విశ్వాసం ఉన్న కుటుంబంలో పెరిగిన మాట నిజమే. బ్యాండ్ మాత్రం అలా చెప్పుకోదు. ఆడమ్ స్టేజీ మీద వేసే జోకులు ఐదు నిమిషాలు వింటే ఆ అనుమానం దానంతటదే పోతుంది.

2025 ఫిబ్రవరిలో వచ్చిన 'దిస్ కాన్సిక్వెన్స్' ఇప్పటికి చివరిది. 'ఫరెవర్ అలైన్డ్' విని చూడండి. ఇరవై ఐదేళ్ల తర్వాత కూడా అదే అచ్చు. కొత్తదనం కోరుకునేవాళ్లకు ఇది కొరతే, అందులో దాపరికం లేదు. వీళ్లు ప్రయోగాలు చేసే రకం కాదు.

వినే వరుస: 'అలైవ్ ఆర్ జస్ట్ బ్రీతింగ్', 'ది ఎండ్ ఆఫ్ హార్ట్‌ఏక్', 'యాజ్ డేలైట్ డైస్', 'డిసార్మ్ ద డిసెంట్', ఆ తర్వాత 'ది సిగ్నల్ ఫైర్' ఒక్క పాట. 2000 ఆల్బమ్‌ని ఆఖరికి ఉంచుకోండి, ముందే వింటే రికార్డింగ్ చూసి మనసు విరిగిపోవచ్చు.

వాయించడానికి: వీళ్లు ఎక్కువగా డ్రాప్ సి ట్యూనింగ్‌లో ఉంటారు. లావు స్ట్రింగ్ నుంచి వరుసగా సి, జి, సి, ఎఫ్, ఎ, డి. మామూలు ట్యూనింగ్ కంటే ఐదు స్ట్రింగులు ఒక టోన్ కిందికి, లావు స్ట్రింగ్ రెండు టోన్లు కిందికి. అప్పుడు కింది మూడు స్ట్రింగుల మీద ఒక్క వేలు అడ్డంగా పెడితే పవర్ కార్డ్ వచ్చేస్తుంది, వేగంగా మారడం సులువు.

కొత్తవాళ్లందరూ ఇరుక్కునేది గెయిన్ (గిటార్ సౌండ్‌ని గరుకు చేసే నాబ్) దగ్గర. మొన్నామధ్య ఒక ఇంజినీరింగ్ కాలేజీ బ్యాండ్ 'మై కర్స్' కవర్ చేద్దామని వచ్చింది. ఆంప్ సిమ్యులేటర్ (ఆంప్లిఫయర్‌ని అనుకరించే సాఫ్ట్‌వేర్) లో గెయిన్ చివరికంటా తిప్పేసి ఉంది. విడిగా వింటే రాక్షసుడిలా ఉన్న గిటార్, డ్రమ్స్ కలిపేసరికి తేనెటీగల తుట్టెలా అయిపోయింది. గెయిన్ సగానికి దించాను. ఒకే గిటారిస్ట్‌తో అదే రిఫ్‌ని రెండోసారి విడిగా వాయింపించి, ఒకటి పూర్తిగా ఎడమకి, ఇంకోటి పూర్తిగా కుడికి పెట్టాను. కాపీ పేస్ట్ కాదు, మళ్లీ వాయించిందే; రెండు టేకుల మధ్య ఉండే వెంట్రుకవాసి తేడానే వెడల్పు ఇస్తుంది. గిటార్‌లో కింది స్వరాల మోత కొంచెం తగ్గించి ఆ చోటు బేస్‌కి ఇచ్చాం. అంతే, కుర్రాళ్ల ముఖాలు వెలిగిపోయాయి. బరువు వచ్చేది గెయిన్ నుంచి కాదు, బేస్ గిటార్ నుంచి, కుడిచేతి నుంచి.

మీ గిటార్ మీద ఉన్నవి బహుశా షాపులో వేసిచ్చిన 9 గేజ్ స్ట్రింగులే అయి ఉంటాయి. డ్రాప్ సి‌కి దించితే అవి వదులైపోయి ఫ్రెట్లకు కొట్టుకుంటాయి, శ్రుతి నిలవదు. 11-54 సెట్ కొనండి. వేశాక నెక్, ఇంటొనేషన్ (ప్రతి ఫ్రెట్ దగ్గరా శ్రుతి సరిగ్గా ఉండటం) రెండూ తెలిసినవాళ్లతో ఒకసారి సరిచేయించుకోండి. లావు స్ట్రింగ్ నట్ (నెక్ చివర స్ట్రింగులు ఆనే పట్టీ) లోని గాడిలో పట్టకపోతే దాన్ని ఇంట్లో మీరే ఆకురాయితో అరగదీయకండి.